టేపు పట్టడం వచ్చాకే త్రీడీ బొమ్మ

"ఇంత చదివించి చివరికి టేపు పట్టించమంటారా?" ఇంటీరియర్ పనుల మీద ఆసక్తి ఉన్న పిల్లల తల్లిదండ్రులు నన్ను తరచూ అడిగే మాట ఇది. అడిగినవాళ్లే కాసేపాగి బ్యాగులోంచి రంగుల బ్రోచర్ తీస్తారు. ఆరు నెలల ఇంటీరియర్ డిజైన్ కోర్సు, లక్ష దాటిన ఫీజు, వాయిదాల సౌకర్యం, ఉద్యోగం గ్యారంటీ. టేపు నామోషీ, బ్రోచర్ గౌరవం! నాకు ఒళ్లు మండేది ఇక్కడే.

నా దగ్గరికి వచ్చిన పిల్లలకు ఒక లెక్క ఇస్తుంటాను. రెయిలింగ్‌కి 7 అడుగుల పైపు ముక్కలు 10 కావాలి. బజార్లో దొరికే పైపు పొడవు 20 అడుగులు. ఎన్ని పైపులు తేవాలి? లెక్కల్లో మంచి మార్కులు తెచ్చుకున్నవాళ్లు కూడా 70ని 20తో భాగించి, మూడున్నర కాబట్టి 4 చాలంటారు. చాలవు, 5 కావాలి. ఒక్కో పైపులో రెండు ముక్కలే వస్తాయి, 6 అడుగులు మిగిలిపోతాయి. పని తెలిసినవాడు అక్కడితో ఆగడు. ఆ మిగులు ముక్కలు ఇంకెక్కడైనా పనికొస్తాయా అని చూస్తాడు. లేదంటే ముక్క పొడవు ఆరున్నర అడుగులకు తగ్గిస్తే పర్వాలేదా అని ఇంటి యజమానిని అడుగుతాడు. ఆయన సరేనంటే పైపుకి మూడు ముక్కలొస్తాయి, 4 పైపులతో పని తెమిలిపోతుంది. కాంట్రాక్టర్ జీతమిచ్చేది ఈ బుర్రకే.

ప్లైవుడ్‌దీ ఇదే కథ. 8 అడుగుల షీటును నాలుగు ముక్కలు చేస్తే ఒక్కోటి కచ్చితంగా 2 అడుగులు రాదు. రంపం బ్లేడు ప్రతి కోతకూ సుమారు 3 మిల్లీమీటర్లు తినేస్తుంది. మూడు కోతలయ్యేసరికి ముక్కకు 2 మిల్లీమీటర్ల దాకా తగ్గుతుంది. కిచెన్ షట్టర్ల మధ్య సందు వంకరగా కనబడటానికి ఆ మాత్రం చాలు. గోడల మధ్య వార్డ్‌రోబ్ అయితే కింద, మధ్యలో, పైన మూడుచోట్ల వెడల్పు కొలిచి, అందులో తక్కువది తీసుకోవాలి. ప్లాస్టరింగ్ అయిన గోడ పైనుంచి కిందిదాకా ఒకేలా ఉంటుందని నమ్మితే వార్డ్‌రోబ్ లోపలికి వెళ్లదు. టేపు చివరి కొక్కెం కాస్త కదులుతోందని సుత్తితో కొట్టి బిగించేసే కుర్రాళ్లున్నారు. ఆ కదలిక కొక్కెం మందమంతే ఉంటుంది. అంచుకు తగిలించి లాగినా, గోడకు ఆనించి నొక్కినా కొలత తేడా రాకూడదనే అలా పెట్టారు. ఇవేవీ బ్రోచర్‌లో ఉండవు. మాడ్యులర్ ఫ్యాక్టరీలో కంప్యూటర్ మెషినే కోస్తుంది కదా అంటారు. నిజమే, సైట్ నుంచి తప్పు కొలత వెళ్తే ఆ తప్పునే కచ్చితంగా కోసిపెడుతుంది.

మరి ఈ పని ఎక్కడ నేర్చుకోవాలంటే దారులున్నాయి. ఐటీఐలో కార్పెంటర్ ట్రేడ్‌కు ఎనిమిదో తరగతి, డ్రాఫ్ట్స్‌మన్ సివిల్‌కు పది పాసైతే చాలు. పాలిటెక్నిక్‌లో సివిల్ డిప్లొమాకు పాలిసెట్ రాయాలి.

నా మొగ్గు డ్రాఫ్ట్స్‌మన్ సివిల్ వైపు, ఆ రెండేళ్ల కోర్సు తర్వాత అప్రెంటిస్‌షిప్ వైపు. స్టయిపెండ్ తీసుకుంటూ నేర్చుకోవచ్చు. ఇంకా చదవాలనిపిస్తే, అర్హతను బట్టి లేటరల్ ఎంట్రీతో పాలిటెక్నిక్ రెండో ఏడాదిలో చేరొచ్చు. అక్కడినుంచి ఈసెట్ రాసి బీటెక్‌కూ వెళ్లొచ్చు. ఐటీఐలో చేరితే ఇక చదువు ముగిసినట్టేనని బంధువులు చెప్పే మాట తప్పు. అయినా పెళ్లిళ్లలో మార్కులడిగే బంధువుల కోసం పిల్లల దారి మార్చడమేమిటో నాకర్థం కాదు.

ఇక ఆ బ్రోచర్ సంగతి. వాయిదాల సౌకర్యమంటే చాలాచోట్ల ఇన్‌స్టిట్యూట్ ఇచ్చే వెసులుబాటు కాదు, ఫైనాన్స్ కంపెనీ నుంచి మీ పేరున తీసే అప్పు. పిల్లాడు రెండో నెలలో మానేసినా వాయిదాలు ఆగవు. సంతకం పెట్టేముందు ఆ కాగితం ఎవరి పేరున ఉందో చదవండి. ఉద్యోగం గ్యారంటీ అన్నచోట చిన్న అక్షరాలు చూడండి. ఇంటర్వ్యూకి పంపడం వరకే వాళ్ల పూచీ అని ఉండొచ్చు. కోర్సులో చెప్పే సాఫ్ట్‌వేర్ కోసమే అయితే లక్ష అక్కర్లేదు. స్కెచప్‌కి బ్రౌజర్‌లో నడిచే ఉచిత వెర్షన్ ఉంది, ఆటోక్యాడ్‌ను అర్హులైన విద్యార్థులకు ఆ కంపెనీ ఉచితంగానే ఇస్తుంది. చేరక తప్పదనుకుంటే ఒక్కటి అడగండి: "గత బ్యాచ్ పిల్లలు సైట్‌కి వెళ్లి కొలిచి రాసిన కటింగ్ లిస్టు చూపించండి." త్రీడీ బొమ్మలు మాత్రమే చూపిస్తే లేచి వచ్చేయండి.

గల్ఫ్ ఆలోచన ఉన్నవాళ్లకు ఇంకో జాగ్రత్త. షట్టరింగ్ కార్పెంటర్ వేరు, ఫర్నిచర్ కార్పెంటర్ వేరు. మొదటిది కాంక్రీటుకు చెక్కలు బిగించే పని. వీసా కాగితంలో ఏది రాశారో చూసుకోకుండా విమానమెక్కొద్దు. రిజిస్టరైన ఏజెంట్ సర్వీస్ చార్జీగా 30 వేల రూపాయలు, దానిపై జీఎస్టీకి మించి తీసుకోకూడదు.

అబ్బాయో అమ్మాయో ఇప్పటికే ఇంటర్ రెండో ఏడాదిలో ఉంటే మధ్యలో మాన్పించకండి, పరీక్షలు రాయనివ్వండి. ఎంట్రన్స్‌లో ర్యాంకు రాకపోతే మాత్రం లాంగ్‌టర్మ్ కోచింగ్ హాస్టల్‌కి పంపే ముందు, ఆ సెలవుల్లో తెలిసిన కాంట్రాక్టర్ వెంట ఒక నెల సైట్‌కి పంపి చూడండి. సాయంత్రం ఇంటికొచ్చి మీ వంటగది గట్టు కొలవడం మొదలుపెడితే ఐటీఐ అడ్మిషన్ నోటిఫికేషన్ ఎప్పుడో కనుక్కోండి.