ఇంటి సిగ్నల్ బూస్టరు: నిన్న పని చేసినది నేడేల పని చేయదు?



విరుదునగర్ జిల్లా తిరుచ్చులి వంటి ఊళ్లలో తలిదండ్రులను ఉంచి దూరదేశములలో స్థిరపడిన మనకు ఫోనే ఆధారము. అమెరికాలోని కొందరు మమ్మును రెండు ప్రశ్నలు అడుగుచున్నారు. మా ఇంటి బూస్టరు క్రమముగా ఎందుకు తగ్గినది? అటువంటిది ఊరిలోని అమ్మానాన్నలకు పంపవచ్చునా?

మొదట ఒక సంగతి గమనించవలెను. బూస్టరు సిగ్నలును పుట్టించదు. బయటి యాంటెన్నాకు అందినదానిని పెంచి ఇంటిలోనికి ఇచ్చును, మన ఫోను సిగ్నలును టవరుకు చేర్చును. బావిలో నీరు తగ్గితే మోటారును నిందించి లాభమేమి?

1. బయటి మార్పులు: టవరుకు ఎదురుగా మేడ లేచినను, చెట్లు పెరిగినను సిగ్నలు తగ్గును. తిరుచ్చులి వైపు అక్టోబరు నుండి డిసెంబరు వరకు ఈశాన్య వానలు. తడిసిన ఆకులు తరంగములను మరింత మింగును. సాయంకాలము టవరుపై వాడకము పెరిగితే, గీతలు నిండుగా ఉన్నను ఇంటర్నెట్ నెమ్మదించును.

2. కంపెనీ మార్పులు: బూస్టరు కొన్ని బ్యాండ్లనే పెంచును. ఎయిర్‌టెల్ 2020లో 3జీని ఆపినది. అమెరికా పెద్ద కంపెనీలు 2022లో ఆపినవి. భారతదేశములో 5జీ 2022 అక్టోబరు 1న ఆరంభమాయెను. ఫోను క్రొత్త బ్యాండుకు మారితే పాత బూస్టరు చెడకపోయినను ఉపయోగపడదు.

3. ఇంటిలోని మార్పులు: గాలికి యాంటెన్నా తిరుగును. కేబుల్ జాయింటులో నీరు చేరి తుప్పు పట్టును. 3 డెసిబెల్ నష్టమైతే శక్తి సగమగును. రెండు యాంటెన్నాలు దగ్గరైతే, స్పీకరు ఎదుట మైకు కూయునట్లు సిగ్నలు తిరిగి లోనికి వచ్చును. అప్పుడు మంచి బూస్టరు తానే బలము తగ్గించుకొనును. అధికమైన వేడిలోను అంతే.

కాబట్టి క్రొత్తది కొనకముందు బూస్టరు ఆపి, బయటి యాంటెన్నా చెంత ఫోనులోని అంకె చూడండి. మైనస్ 85 మంచిది, మైనస్ 110 బలహీనము. బూస్టరు పెట్టిన దినముననే ఆ అంకె వ్రాసియుంచితే తేడా తెలియును. అంకె తగ్గితే లోపము బయట, తగ్గకపోతే కేబుల్, జాయింట్లు, బ్యాండు చూడవలెను.

ఇక రెండవ ప్రశ్న. దయచేసి పంపవద్దు. అమెరికాలో ఎఫ్‌సీసీ ఆమోదించిన బూస్టరును కంపెనీ వద్ద నమోదు చేసి వాడవచ్చును. భారతదేశములో అనుమతి లేక దానిని ఉంచుకొనుట, అమ్ముట, అమర్చుట నేరము. దాని కూత టవరుకు చేరితే ఇరుగుపొరుగు వారి కాల్స్ కూడ తెగును. అందులో 112కు చేసిన పిలుపు ఉండవచ్చును.

తలిదండ్రుల ఇంట ఇంటర్నెట్ లైను ఉంటే వై-ఫై కాలింగ్ చాలును. ఎయిర్‌టెల్ 2019 డిసెంబరులో, జియో 2020 జనవరిలో దానిని ఇచ్చినవి. లైను లేనివారు కంపెనీకి ఫిర్యాదు వ్రాయించి, ఆ నంబరు దాచుకొనవలెను. ఈసారి ఊరికి వెళ్లినప్పుడు అమ్మ ఫోనులో ఆ అమరిక మీ చేతితోనే పెట్టి రండి.