బొగ్గుచే తోటభూమిని బాగుచేయు విధము

పెన్నానది యొడ్డుననున్న పామిడి ప్రాంతమున పెరటితోటలును, బావిక్రింది కూరగాయల మళ్లును గల రైతుల యుపయోగమునకై ఈ విషయము వ్రాయబడినది.

అనంతపురం జిల్లాలో ఏటికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురియును. ఎర్రగరుసు నేలలలో ఆ కొద్దినీరును త్వరగా అడుగునకు దిగిపోవును. దిబ్బయెరువు ఎండవేడిమికి కొలదికాలములోనే జీర్ణించిపోవును. కావున రైతు ఎన్ని బండ్ల యెరువు తోలినను నేల మరల పేదదియే యగుచుండును.

బొగ్గు ఈ లోపమును కొంత తీర్చును. దానియందలి సన్నని రంధ్రములు నీటిని, ఎరువులోని సారమును పట్టియుంచును. అది త్వరగా కుళ్లక నేలలో వందల యేండ్లు నిలుచును. దక్షిణ అమెరికాలోని అమెజాను నదీప్రాంతమున, ఐరోపావారు రాకమునుపే అచటి ప్రజలు బొగ్గును ఇంటిచెత్తను కలిపిన నల్లనేలలు నేటికిని సారవంతములై యున్నవి. హైదరాబాదులోని కేంద్రీయ మెట్టవ్యవసాయ పరిశోధన సంస్థవారు పంటకట్టెను బొగ్గుచేయుటకు పీపాతో కొలిమిని రూపొందించిరి. పీపా లేనివారు గుంతతోనే పని జరుపుకొనవచ్చును.

చేయు విధము: నాలుగడుగుల వెడల్పు, మూడడుగుల లోతు గలిగి, అడుగున సన్నగిల్లునట్లు గుంత త్రవ్వవలెను. బాగుగా నెండిన కందికట్టెయో, ప్రత్తికట్టెయో, సర్కారుతుమ్మ కొమ్మలో కొద్దిగా వేసి నిప్పంటింపవలెను. పైభాగమున తెల్లని బూడిద కనబడగానే మరియొక వరుస వేయవలెను. పైమంట గాలిని లోనికి పోనీయదు గనుక క్రిందిది బూడిదగాక బొగ్గగును. గుంత నిండగానే నీరు చల్లి పూర్తిగా నార్పవలెను. ఆలసించినచో మిగులునది బూడిదయే. పశువులు తిను వేరుసెనగ కట్టెను ఇందులకు వాడరాదు. బొగ్గుకొరకు పచ్చని చెట్లను నరుకరాదు.

ముఖ్యమైన హెచ్చరిక: బొగ్గు గాదె వంటిదేకాని గింజ వంటిది కాదు. వట్టిబొగ్గును మడిలో వేసినచో, అది నేలయందున్న సారమునే తనలోనికి లాగుకొనుటవలన పైరు పచ్చబారవచ్చును. కావున తడిపి, గింజలంతేసి పలుకులుగా నలుగగొట్టి, ఒకపాలు బొగ్గునకు మూడుపాళ్లు పేడయెరువు కలిపి, పశువుల గంజళము పోసి, నీడలో నెలదినములు మాగనీయవలెను. తరువాత చదరపు గజమునకు ఒక కిలో బొగ్గు పడునట్లు చల్లి, జానెడు లోతున మట్టితో కలుపవలెను. చౌడు నేలలలో దీనిని వాడకుండుటయే మేలు; బొగ్గు క్షారగుణమును హెచ్చించును.

బొగ్గు వానను తెప్పింపజాలదు. పడిన వానను మరికొన్నిదినములు వేరుచెంత నిలుపుటయే దాని పని. కావున రైతులు తోటయంతయు ఒక్కసారి మార్పక, ప్రక్కప్రక్కన రెండు చిన్నమళ్లు వేసి, ఒకదానికి దిబ్బయెరువును మాత్రమును, రెండవదానికి అంతే యెరువును బొగ్గుతో మాగించియు వేయుదురుగాక. ఏ మడి తొలుత వాడునో కన్నులార చూచి, పిదప తమ యనుభవమునుబట్టి నిశ్చయించుకొందురుగాక.