సర్వర్ పీల్చే పొగ

హోటళ్లలో, రెస్టారెంట్లలో, బార్లలో పొగతాగడాన్ని పూర్తిగా నిషేధించాలా? వక్తృత్వ పోటీకి ఈ అంశం ఇస్తే తొమ్మిదో తరగతి పిల్లలు రెండు జట్లుగా విడిపోయి హుషారుగా వాదిస్తారు. డబ్బు పెట్టి కూర్చున్నవాడి ఇష్టం అంటుంది ఒక జట్టు. పక్క టేబుల్ దగ్గర పసిబిడ్డతో కూర్చున్న తల్లి మాటేమిటి అంటుంది రెండో జట్టు. ఇలాంటి పోటీలకు చాలా ఏళ్లుగా న్యాయనిర్ణేతగా కూర్చుంటున్నాను. రెండు జట్లూ మాట్లాడేది కస్టమర్ల గురించే అని గమనించాను. పొగతాగే కస్టమర్ ఒకడు, తాగని కస్టమర్ ఒకడు. ఇద్దరూ ముప్పావుగంటలో బిల్లు కట్టి వెళ్లిపోయేవారే. అదే గదిలో పొద్దుటి నుంచి రాత్రి దాకా ఉండే మూడో మనిషి ఒకడున్నాడు. ప్లేట్లు మోసే సర్వర్, టేబుల్ తుడిచే కుర్రవాడు, కౌంటర్ దగ్గర కూర్చునే గుమాస్తా. వీళ్లు ఎవరి వాదనలోకీ రారు.

ఈ సంచిక చదివే దాతల్లో హోటళ్లు నడిపేవారున్నారు, ఫంక్షన్ హాళ్ల యజమానులున్నారు. సొసైటీ స్కాలర్‌షిప్ కోసం పిల్లలు పెట్టుకునే దరఖాస్తుల్లో 'తండ్రి వృత్తి' అన్నచోట 'హోటల్ పని' అని రాసి ఉండటం నేను ఎన్నోసార్లు చూశాను. అంటే ఈ ప్రశ్నలో యజమానీ మనవాడే, పనివాడూ మనవాడే. అందుకే దీన్ని సర్వర్ నిలబడే చోటు నుంచి చూద్దామని ఈ వ్యాసం.

ముందు కొంచెం సైన్సు. సిగరెట్ నుంచి పొగ రెండు దారుల్లో వస్తుంది. తాగేవాడు లోపలికి పీల్చి వదిలేది ఒకటి. వేళ్ల మధ్య సిగరెట్ ఊరికే కాలుతున్నప్పుడు దాని కొస నుంచి నేరుగా గాలిలో కలిసేది రెండోది. పక్కవారి ముక్కుకు చేరే పొగలో ఎక్కువ భాగం ఈ రెండోదే. తక్కువ వేడిలో, సరిగా కాలకుండా వస్తుంది కాబట్టి దీనిలో కొన్ని విషపదార్థాలు ఇంకా ఎక్కువగా ఉంటాయి. పొగాకు పొగలో 7,000కు పైగా రసాయనాలు, వాటిలో క్యాన్సర్ కలిగించేవి 70 దాకా ఉన్నాయని లెక్క.

పక్కవారు పీల్చినా ప్రమాదమే అన్న సంగతి మొదట గట్టిగా తేలింది ఇళ్లలో. జపాన్‌లో తకేషి హిరయామా అనే శాస్త్రవేత్త పొగతాగని 91,540 మంది గృహిణులను 14 ఏళ్లపాటు గమనించి 1981లో ఫలితాలు ప్రకటించాడు. భర్త ఎంత ఎక్కువగా సిగరెట్లు కాలిస్తే, ఎన్నడూ సిగరెట్ ముట్టని భార్యకు ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు అంత పెరిగింది. పొగాకు కంపెనీలు ఆ లెక్కలను తప్పుపట్టడానికి చాలా డబ్బు ఖర్చుపెట్టాయి. తర్వాత ఎన్నో దేశాల్లో జరిగిన పరిశోధనలు అదే మాట చెప్పాయి. ఇంత పొగ అయితే ఫరవాలేదు అనే సురక్షితమైన మోతాదు ఏదీ లేదని 2006లో అమెరికా సర్జన్ జనరల్ నివేదిక తేల్చింది. వేరొకరి పొగ పీల్చి ఏటా పది లక్షల మందికి పైగా చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా.

ఇప్పుడు హోటల్‌లోకి వద్దాం. కెనడా రాజధాని అటావాలో హెదర్ క్రో అనే ఆమె నలభై ఏళ్లు రెస్టారెంట్లలో వడ్డించే పని చేసింది. జీవితంలో ఒక్క సిగరెట్ కాల్చలేదు. 2002లో ఆమెకు ఊపిరితిత్తుల క్యాన్సర్ అని తేలింది. పనిచేసిన చోటి పొగ వల్లే వచ్చిందని ఆమె పరిహారం కోరగా, ఒంటారియో కార్మిక బీమా బోర్డు ఒప్పుకుంది. ఆ తర్వాత మిగిలిన కాలమంతా ఆమె ఊరూరూ తిరిగి, 'ఈ జబ్బుతో పోయే ఆఖరి హోటల్ మనిషిని నేనే కావాలి' అన్న కోరికతో నాయకులను కలిసింది. 2006 మే నెలలో 61వ ఏట చనిపోయింది. మరి కొద్ది రోజులకే ఒంటారియోలో మూసి ఉన్న పనిస్థలాలన్నింటిలో, రెస్టారెంట్లూ బార్లతో సహా, పొగ నిషేధం అమల్లోకి వచ్చింది.

బార్ల ఊసు మనకెందుకు, మద్యం మనకు హరామ్, మనవాళ్లు ఆ గడప తొక్కరు కదా అని కొందరు అనవచ్చు. తొక్కకపోవడం మంచిదే. అయితే అక్కడ గ్లాసులు కడిగేవాడి ఊపిరితిత్తులు కూడా ఊపిరితిత్తులే. పైగా నిషేధం పనిచేస్తుందా లేదా అన్నదానికి నాకు తెలిసిన చక్కని రుజువు బార్ల నుంచే వచ్చింది. ఐర్లాండ్‌లో పబ్బు అంటే మన ఊళ్ల రచ్చబండ లాంటిది. అక్కడ 2004 మార్చి 29న పనిస్థలాలన్నింటిలో, పబ్బులతో కలిపి, పొగను నిషేధించారు. పక్కనే ఉన్న ఉత్తర ఐర్లాండ్‌లో అప్పటికి నిషేధం లేదు. పరిశోధకులు రెండు చోట్లా పొగతాగని బార్ పనివారి ఉమ్మిని నిషేధానికి ముందు, తర్వాత పరీక్షించారు. నికోటిన్ ఒంట్లో చేరాక కొటినైన్ అనే పదార్థంగా మారుతుంది. ఒంట్లోకి ఎంత పొగ వెళ్లిందో దాన్ని బట్టి చెప్పవచ్చు. నిషేధం ఉన్నవైపు అది దాదాపు 80 శాతం తగ్గింది. లేనివైపు 20 శాతమే తగ్గింది. సైన్సు పాఠంలో పోల్చి చూసే ప్రయోగం గురించి చెప్పేటప్పుడు నేను ఈ ఉదాహరణనే వాడుతుంటాను.

మన దేశానికి వస్తే, చట్టం ఉంది. చాలామంది అనుకునేదానికంటే గట్టిగానే ఉంది. మురళీ దేవరా వేసిన పిటిషన్‌పై సుప్రీంకోర్టు 2001 నవంబర్ 2న బహిరంగ ప్రదేశాల్లో పొగను నిషేధిస్తూ ఉత్తర్వులిచ్చింది. ఆ జాబితాలో ఆసుపత్రులు, బడులు, గ్రంథాలయాలు, కోర్టులు, రైళ్లు, బస్సులు ఉన్నాయి. హోటళ్లు లేవు. 2003లో పార్లమెంటు చేసిన పొగాకు నియంత్రణ చట్టంలో రెస్టారెంట్లు చేరాయి. 2008 అక్టోబర్ 2న, గాంధీ జయంతి రోజున, కొత్త నియమాలు అమల్లోకి వచ్చాయి. వాటిలో రెస్టారెంట్ అనే మాటకు ఇచ్చిన నిర్వచనం చదవదగ్గది. క్యాంటీన్లు, కాఫీ హౌసులు, పబ్బులు, బార్లు, విందుల హాళ్లు అన్నీ అందులోకి వస్తాయి. చుట్టూ ఉన్న ఖాళీ స్థలం కూడా వస్తుంది. కాబట్టి 'లోపల కాదు కదా, గేటు పక్కన కుర్చీ వేసుకుని కాలుస్తున్నాను' అంటే చెల్లదు.

అదే నియమాల ప్రకారం యాష్‌ట్రే, అగ్గిపెట్టె, లైటర్ అందించకూడదు. బోర్డు పెట్టాలి. ఫిర్యాదు ఎవరికి చేయాలో ఆ మనిషి పేరు రాసి ఉంచాలి. ఫిర్యాదు వచ్చినా యజమానో మేనేజరో పట్టించుకోకపోతే, జరిగిన తప్పుల సంఖ్యను బట్టి అతనికే జరిమానా పడుతుంది. పాత ఇరానీ హోటళ్లలో రాతి పలక వేసిన ప్రతి టేబుల్ మీదా ఒక యాష్‌ట్రే ఉండేది, చాయ్ కప్పుకు జోడీలాగా. అది పోవడం ఈ నియమం పుణ్యమే.

ఇక చట్టంలో పెద్ద చిల్లు ఒకటుంది. ముప్పై సీట్లు, అంతకు మించి ఉన్న రెస్టారెంట్లు, ముప్పై గదులున్న హోటళ్లు, విమానాశ్రయాలు పొగకు వేరే గది పెట్టుకోవచ్చు. నాలుగు వైపులా నిండు గోడలు, వాటంతటవే మూసుకునే తలుపులు, లోపలి పొగను బయటికి లాగి పారేసే ఏర్పాటు ఉండాలి. అంటే పది టేబుళ్లు కూడా లేని చిన్న హోటల్‌కు పూర్తి నిషేధం, డబ్బున్న పెద్ద హోటల్‌కు వెసులుబాటు. ఆ గదిలో ఎలాంటి సర్వీసూ చేయకూడదని నియమం చెబుతోంది. బాగుంది. మరి అందులో నేల ఊడ్చేదెవరు, నిండిన యాష్‌ట్రే ఖాళీ చేసేదెవరు? ఇక ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టాం కదా అనే మాటకు ఇంజనీర్లే జవాబిచ్చారు. అమెరికాలోని ఏసీ, వెంటిలేషన్ ఇంజనీర్ల సంఘం యాష్రే, గదిలో పొగ వల్ల వచ్చే ముప్పును పూర్తిగా పోగొట్టే మార్గం గదిలో పొగతాగకుండా చూడటం ఒక్కటేనని 2005లో ప్రకటించింది. ఫ్యాన్లు అమ్ముకునే వృత్తివారు ఆ మాట అన్నారంటే నమ్మాల్సిందే.

ఈ గదులను ఎత్తివేయాలని, జరిమానా పెంచాలని కేంద్రం 2020లో సవరణ ముసాయిదా తయారుచేసింది. అది చట్టం కాలేదు. కేంద్ర చట్టంలో జరిమానా ఇప్పటికీ 200 రూపాయల దాకానే.

వ్యతిరేక వాదనలను తేలిగ్గా తీసిపారేయను. గిరాకీ పడిపోతుందన్న భయం నిజమైనదే, హోటల్ అద్దె కట్టేవాడికే ఆ బాధ తెలుస్తుంది. కానీ ఆ భయం ఒక హోటల్ ఆపి, పక్క హోటల్ ఆపనప్పుడు మాటకు వస్తుంది. అందరికీ ఒకే నియమం ఉంటే సిగరెట్ కోసం వెళ్లడానికి పక్క హోటలే ఉండదు. చిన్న హోటళ్ల మీద మాత్రమే తనిఖీలు జరిగి, పెద్ద పబ్బులను వదిలేస్తే అది అన్యాయం. దానికి మందు నిషేధాన్ని సడలించడం కాదు, అందరికీ సమానంగా అమలుచేయడం.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసిన వాదన ఇంకొకటి. హోటల్‌లో ఆపితే ఆ మనిషి ఇంటికి వెళ్లి పిల్లల ముందు కాలుస్తాడు కదా? 2016-17 జాతీయ పొగాకు సర్వే ప్రకారం మన దేశంలో నూటికి 38 మందికి పైగా పెద్దలు ఇంట్లోనే వేరొకరి పొగ పీలుస్తున్నారు. గదుల లోపల పనిచేసేవారిలో 30 శాతం మంది పనిచోట పీలుస్తున్నారు. అంటే ఇల్లు ఇప్పటికే పెద్ద సమస్య. అయితే స్కాట్లాండ్‌లో 2006 మార్చిలో నిషేధం వచ్చాక ప్రాథమిక పాఠశాల చివరి తరగతి పిల్లలను పరీక్షిస్తే, పొగతాగని పిల్లల ఒంట్లో కొటినైన్ సగటున 39 శాతం తగ్గింది. పెరగలేదు. తల్లిదండ్రులిద్దరూ, లేదా తల్లి పొగతాగే ఇళ్లలో మాత్రం తగ్గుదల చాలా స్వల్పం. ఆ పిల్లల దాకా హోటల్ చట్టం చేరలేదు. అది వేరే పని. కానీ హోటల్లో ఆపితే ఇంట్లో పెరుగుతుందన్న భయానికి ఆధారం దొరకలేదు.

ఇక స్వేచ్ఛ. మా బడిలో పదో తరగతి దాకా చదివి ఒక హోటల్లో సర్వర్‌గా చేరిన అబ్బాయి ఒకసారి కనిపిస్తే అడిగాను, 'టేబుల్ దగ్గర సిగరెట్ వెలిగిస్తే వద్దని చెప్పవా?' అని. 'ఎలా చెప్తాను సార్, ఆయన రోజూ టిప్పు ఇచ్చే మనిషి. చెబితే సేట్ నన్నే మానేయమంటాడు' అన్నాడు. పైగా పాన్ డబ్బాకు పరుగెత్తి ఆ సిగరెట్ తెచ్చిపెట్టేది కూడా అతనే. (తెచ్చే కుర్రవాడికి పద్దెనిమిది నిండకపోతే అమ్మిన డబ్బావాడిదీ నేరమే, ఎవరి కోసం కొన్నా సరే.) నచ్చకపోతే మానేయవచ్చు అనే స్వేచ్ఛ కస్టమర్‌కు ఉంది. సర్వర్‌కు అది కాగితం మీదే ఉంది. అందుకే ఈ బరువు పనివాడి నోటి మీద పెట్టకూడదు, గోడ మీది బోర్డు మోయాలి, యజమాని మోయాలి.

పొగాకు మక్రూహా, హరామా అని ఉలమాలలో చాలాకాలంగా చర్చ ఉంది. ఆ చర్చలోకి వెళ్లడానికి నా చదువు చాలదు. అది తాగేవాడికీ అతని ప్రభువుకూ మధ్య లెక్క. పక్కవాడికి కలిగే హాని విషయంలో మాత్రం రెండు అభిప్రాయాలు ఉండటానికి వీల్లేదు.

హుక్కా గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే అది నవాబుల కాలపు ముచ్చట అంటూ మన ఇళ్లలోనే వెనకేసుకొచ్చేవారున్నారు. నీళ్లలోంచి వస్తుంది కాబట్టి పొగ శుభ్రపడుతుందన్నది వట్టి భ్రమ. ఒక్క హుక్కా బైఠక్‌లో పీల్చే పొగ వంద సిగరెట్ల పొగకు సమానం కావచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు 2005లోనే హెచ్చరించారు. బొగ్గుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ అదనం. బొగ్గు రాజేసి, ముందుగా నాలుగు దమ్ములు లాగి హుక్కాను సిద్ధం చేసి కస్టమర్‌కు అందించేది సాధారణంగా అక్కడ పనిచేసే కుర్రవాడే. తెలంగాణ శాసనసభ 2024 ఫిబ్రవరిలో హుక్కా పార్లర్లను నిషేధిస్తూ బిల్లు ఆమోదించింది. మంచి పని.

ఫంక్షన్ హాళ్ల సంగతి దాతల చేతిలోనే ఉంది. వలీమా రాత్రి దస్తర్‌ఖాన్‌కూ వంటచోటుకూ మధ్య నలుగురు పెద్దమనుషులు నిలబడి సిగరెట్లు కాలుస్తుంటే, డేగ్‌ల దగ్గర నుంచి తబక్‌లు మోసే కుర్రాళ్లు రాత్రంతా ఆ పొగలోంచే అటూ ఇటూ తిరుగుతారు. అది కూడా నియమం కిందికి వచ్చే స్థలమే. హాలు బుక్ చేసే రసీదు మీద బాణసంచా వద్దు, అర్ధరాత్రి దాటకూడదు అని షరతులు అచ్చువేస్తారు. ఆవరణలో ఎక్కడా పొగతాగరాదు, ఫిర్యాదు చేయవలసినది ఫలానా మేనేజర్‌కు అని ఒక వాక్యం చేర్చడానికి ఖర్చేమీ కాదు. బోర్డు కొలతలు కూడా నియమాల్లోనే ఉన్నాయి: 60 సెంటీమీటర్లు, 30 సెంటీమీటర్లు. గేటు దగ్గర ఒకటి, డేగ్‌లు దించే చోట ఒకటి.