స్ట్రెప్టోకైనేజ్: మనిషికో లెక్క, కుక్కకో లెక్క

మా జేజినాయనది జమ్మలమడుగు దగ్గర పల్లె. పోయినేడు ఒకరోజు తెల్లవారుజామున 4 గంటలకు ఆయనకు ఛాతీలో నొప్పి వచ్చింది. "గ్యాస్ లే, సోడా తెప్పీండి" అన్నాడు. సోడా తాగి, తెల్లారేదాకా చూసి, ప్రొద్దుటూరు ఆసుపత్రికి చేర్చేసరికి 9 అయింది. నేను పులివెందుల హాస్టల్లో ఉన్నా. తర్వాత డిశ్చార్జి కాగితం చూస్తే "స్ట్రెప్టోకైనేజ్, 15 లక్షల యూనిట్లు" అని ఉంది. ఆ పేరు వెంట పడి చదివిందే ఈ వ్యాసం. నాది సీఎస్ఈ, బయాలజీ పదో తరగతితోనే ఆగిపోయింది. తెలుగులో సైన్స్ రాయడం కూడా ఇదే మొదటిసారి, సర్దుకోండి.

రక్తం గడ్డను పట్టి ఉంచేది ఫైబ్రిన్ అనే ప్రోటీన్ దారాల వల. ఆ దారాలను కత్తిరించే ఎంజైమ్ పేరు ప్లాస్మిన్. అది మన రక్తంలో ప్లాస్మినోజన్ అనే నిద్ర రూపంలో ఎప్పుడూ తిరుగుతుంటుంది. 791 అమైనో ఆమ్లాల గొలుసు అది. 561, 562 స్థానాల మధ్య ఒక్క బంధం తెగితే చాలు, నిద్ర లేస్తుంది. ఆ కోత పెట్టడానికి ఒంట్లోనే టీపీఏ అనే ఇంకో ఎంజైమ్ ఉంది. అది ఫైబ్రిన్‌ను అంటుకున్నప్పుడే గట్టిగా పనిచేస్తుంది, కాబట్టి గడ్డ ఉన్నచోటే కోత పడుతుంది.

స్ట్రెప్టోకైనేజ్ మాత్రం మనది కాదు. 1933లో టిల్లెట్, గార్నర్ అనే అమెరికా పరిశోధకులు దీని పనిని స్ట్రెప్టోకాకస్ బ్యాక్టీరియాలో గమనించారు. తమాషా ఏంటంటే, పేరు ఎంజైమ్‌లా ఉన్నా ఇది ఎంజైమ్ కాదు, సొంతంగా దేన్నీ కోయలేదు. ఒక ప్లాస్మినోజన్‌ను పట్టుకుని దాని ఆకారం మారుస్తుంది. ఆ జంట కలిసి మిగతా ప్లాస్మినోజన్లను కోస్తుంది.

అంటే దాని పనంతా ఎదుటి ప్లాస్మినోజన్ ఎవరిదన్న దాని మీదే ఉంది. ప్రొద్దుటూరు పశువైద్య కళాశాలలో చదివే మా అక్కను, "మన ఇంటి కుక్కకు ఇదే ఇస్తే?" అని అడిగా. "మనిషి లెక్కన ఇస్తే దానికి పెద్దగా పనిచేయదు రా" అంది. కుక్కకూ ప్లాస్మినోజన్ ఉంది, చేసే పనీ అదే. కానీ స్ట్రెప్టోకైనేజ్‌తో దాని జత నిలవదు, పైగా కుక్క ప్లాస్మిన్ ఆ మందునే ముక్కలు చేసేస్తుంది. ఆవు, పంది ప్లాస్మినోజన్లయితే దాదాపు పలకనే పలకవు. మన భాషలో చెప్పాలంటే ఫంక్షన్ పేరు ఒకటే, ఇన్‌పుట్ ఫార్మాట్ వేరు. మనిషి టీపీఏ అలా కాదు, కుక్కలోనూ పనిచేస్తుంది. 1984లో దాన్ని కుక్కల గుండె నాళాల్లోని గడ్డల మీదే పరీక్షించారు. ఒక్క కుక్కనే చూసి స్ట్రెప్టోకైనేజ్‌కు మార్కులు వేసి ఉంటే ఫెయిల్ చేసేవాళ్లమేమో.

మనుషుల్లో దానికొచ్చిన మార్కులు 1986లో అచ్చయిన ఇటలీ 'గిస్సీ' పరీక్షలో ఉన్నాయి. సుమారు 11,800 మంది మీద చేశారు. నొప్పి మొదలైన గంటలోపు మందు పడినవాళ్లలో 8.2 శాతం మంది చనిపోయారు, అదే సమయంలో చేరినా ఈ మందు ఇవ్వనివాళ్లలో 15.4 శాతం. 6 గంటలు దాటాక ఇస్తే తేడా కనబడలేదు. మాది 5 గంటలు. జేజినాయన బతికాడు గానీ గుండె కండరం కొంత పోయింది, ఇప్పుడు చేను దాకా నడవలేడు. ఈ లెక్క చెబితే, "ఆ సోడాకు శానా ఖర్చయింది రా" అన్నాడు.

ఇంకో సంగతి. ఒకసారి ఇది ఎక్కించాక ఒంట్లో దానికి వ్యతిరేకంగా యాంటీబాడీలు తయారవుతాయి, రెండోసారి మామూలుగా వేరే మందు చూడాలి. అందుకే ఆ డిశ్చార్జి కాగితం ఫొటో ఇప్పుడు మా ఇంట్లో అందరి ఫోన్లలో ఉంది.