చౌక గుడ్డుకు వెల చెల్లిస్తున్నది ఎవరు?



మీటరు బట్ట ధర తగ్గితే ఆ కోత ఎవరి కూలిలో పడుతుందో సిరిసిల్లలో సాంచెల మీద బతికే కుటుంబాలకు చెప్పనక్కరలేదు. కొనేవారికి ధర కనబడుతుంది, సాంచె కనబడదు. ఈ వారం అదే లెక్కను మన వంటింటి గుడ్డుకు, ఆదివారం కోడికూరకు వేసి చూద్దాం.

పెరటి కోడి మట్టి గీరుతుంది, దుమ్ములో పొర్లుతుంది, గుడ్డు పెట్టడానికి చాటు వెదుక్కుంటుంది. ఫారంలో తీగల పంజరంలోని కోడికి సాధారణంగా దక్కే చోటు మనం దరఖాస్తు రాసే ఏ4 కాగితమంత కూడా ఉండదు. రెక్కలు చాచే వీలుండదు. ఇక కోళ్ళను కాళ్ళు కట్టి, తలకిందులుగా బండికి వేలాడదీసి తీసుకుపోవడం మన రోడ్లమీద చూస్తున్నదే. ఇందుకు రైతును నిందించడం న్యాయం కాదు. కంపెనీ పిల్లలను, దాణాను ఇచ్చి కిలోకు ఇంతని కట్టే పద్ధతిలో పెంచే రైతు కూడా కూలి లెక్క మీద బతికేవాడే.

చట్టం ఈ సంగతి ఎప్పుడో చెప్పింది. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం మనిషి తప్ప ప్రాణమున్న ప్రతిదీ జంతువే. కదలడానికి చాలని పంజరంలో ఉంచడం, అనవసర బాధ కలిగేలా మోసుకుపోవడం నేరం. గుడ్ల కోళ్ళ, మాంసపు కోళ్ళ పెంపకంపైన, రవాణాపైన 2017లో భారత లా కమిషన్ తన 269వ నివేదికను సమర్పించింది.

"ఫాదర్ గారూ, మనుషులకే దిక్కులేదు, కోళ్ళ గోడు మనకెందుకు?" అని మీరు అడగవచ్చు. అప్పుల బాధతో నేత కార్మికులు ప్రాణాలు తీసుకున్న ఊరిలో ఇది అడగవలసిన ప్రశ్నే. శ్రీసభ సత్యోపదేశ గ్రంథం 2417, 2418 సంఖ్యలలో దీనికి సమాధానముంది. ఆహారానికి జంతువులను వాడుకోవచ్చు. అవసరం లేకుండా వాటిని బాధించడం మాత్రం మానవ గౌరవానికే విరుద్ధం. మనుషుల కష్టం తీర్చవలసిన సొమ్మును జంతువుల మీద వెచ్చించడమూ తగదు. అంటే ఇక్కడ ఒకరిని పక్కకు నెట్టి మరొకరిని చూడడం లేదు. నోరులేని ప్రాణి బాధను చూడడం అలవాటైన కన్ను కూలివాని బాధను కూడా చూస్తుంది.

మాట వల్ల ఏమవుతుందని అనుకోకండి. 1964లో ఇంగ్లండులో రూత్ హారిసన్ అనే మహిళ ఇటువంటి పెంపకంపై ఒక పుస్తకం రాశారు. ప్రజలలో కలవరం పుట్టి, ప్రభుత్వం విచారణ సంఘం వేసింది. దాని నివేదిక 1965లో వచ్చింది. 2012 జనవరి 1 నుండి యూరోపియన్ యూనియన్‌లో పాత తరహా ఇరుకు పంజరాలు నిషిద్ధమయ్యాయి. చాలా ఏళ్ళు పట్టింది, కాని మొదలైంది ఒకరు తెలుసుకొని నలుగురికి చెప్పడంతోనే.

కుటుంబంలో చర్చించుకోండి:

1. మనం కొనే గుడ్డు, మాంసం ఎక్కడినుండి వస్తున్నాయో దుకాణదారుని ఎన్నడైనా అడిగామా?

2. కోడిని తలకిందులుగా వేలాడదీయకుండా బుట్టలో తేవాలని మన వీధిలో ఎవరికి చెప్పగలం?

3. ధర కొంచెం పెరిగినా సరే, రైతుకు, కోడికి మేలైన పెంపకాన్ని మనం కోరుకుంటామా?