అరౌనా కళ్లం ఖరీదు

తొమ్మిది నెలల ఇరవై రోజులు. దావీదు రాజు ఆజ్ఞ మీద సేనాధిపతి యోవాబు దేశమంతా తిరిగి జనాన్ని లెక్కపెట్టడానికి పట్టిన కాలం అది. అతని బృందం యొర్దాను నది దాటి అరోయేరు దగ్గర దిగింది. గిలాదు మీదుగా ఉత్తరాన సీదోను, తూరు దాకా వెళ్లి, దక్షిణాన బెయేర్షెబాలో పని ముగించింది. కత్తి దూయగల మగవాళ్లు ఇశ్రాయేలులో 8 లక్షలు, యూదాలో 5 లక్షలు ఉన్నారని యోవాబు రాజుకు చెప్పాడు.

ఆ అంకె చూసి దావీదు పొంగిపోవలసింది. కానీ గుండె కలుక్కుమంది. అప్పటికి ప్రవక్త రాలేదు, తెగులు మొదలవలేదు, ఎవరూ వేలెత్తి చూపలేదు. తనంతట తానే పెద్ద పాపం చేశానని దేవుని ముందు ఒప్పుకున్నాడు. రెండవ సమూయేలు గ్రంథం 24వ అధ్యాయంలోని ఈ కథను శిక్ష కథగానే చదివేవాళ్లు ఈ చిన్న వివరాన్ని దాటేస్తారు. పట్టుబడ్డాక తప్పు ఒప్పుకోవడం ఎవరైనా చేయగలరు. దావీదు పట్టుబడక ముందే ఒప్పుకున్నాడు.

ఇంతకీ జనాన్ని లెక్కపెడితే తప్పేమిటి? మోషే కాలంలో దేవుడే లెక్కించమన్నాడు. అప్పుడు 6,03,550 మంది తేలారు. అయితే ధర్మశాస్త్రంలో ఒక షరతు ఉంది. లెక్కలోకి వచ్చిన ప్రతివాడూ తన ప్రాణానికి బదులుగా అర తులం వెండి దేవునికి చెల్లించాలి. అలా చేస్తే తెగులు రాదని నిర్గమకాండం 30వ అధ్యాయం చెబుతుంది. ధనవంతుడు ఎక్కువ ఇవ్వకూడదు, పేదవాడు తక్కువ ఇవ్వకూడదు. ఈ మనుషులు రాజు సొత్తు కారు అన్న గుర్తింపు ఆ అర తులంలో ఉంది. దావీదు లెక్క దగ్గర ఆ వెండి ప్రస్తావనే లేదు. ఆయన అడిగింది కత్తి పట్టే చేతులు ఎన్ని అని. గొల్యాతు ముందు ఐదు గులకరాళ్లతో నిలబడ్డ కుర్రవాడు పెద్దయ్యాక తన బలాన్ని తలల లెక్కలో వెతుక్కున్నాడు.

వద్దని చెప్పినవాడు లేకపోలేదు. యోవాబే చెప్పాడు. యోవాబు సాధువు కాదు. అబ్నేరునూ అమాశానూ నమ్మించి పొడిచి చంపిన మనిషి. అయినా ఆ రోజు సరైన మాట అతని నోటి నుంచే వచ్చింది. రాజు వినలేదు. ఆజ్ఞ ఎంత వెగటు పుట్టించిందంటే, లేవీ, బెన్యామీను గోత్రాలను యోవాబు లెక్కించకుండానే వదిలేశాడని దినవృత్తాంతాల గ్రంథం చెబుతుంది. చెప్పేవాడి చరిత్ర చూసి మాటను కొట్టిపారేసే అలవాటు ఇళ్లలోనూ ఆఫీసుల్లోనూ ఎన్ని మంచి హెచ్చరికలను మింగేస్తుందో!

తెల్లవారేసరికి గాదు అనే ప్రవక్త వచ్చి మూడు శిక్షలు ముందు పెట్టాడు: ఏళ్ల తరబడి కరవు, శత్రువుల ముందు మూడు నెలలు పరుగు, లేదా మూడు రోజుల తెగులు. కరవు ఏడేళ్లని ఒక గ్రంథం, మూడేళ్లని ఇంకొక గ్రంథం అంటాయి. మనుషుల చేతిలో పడడం కంటే దేవుని చేతిలో పడడమే మేలని దావీదు జవాబిచ్చాడు, ఆయన కనికరం గొప్పదన్న నమ్మకంతో. తెగులు వచ్చింది. 70 వేల మంది చనిపోయారు.

ఇక్కడ ఎవరైనా ఆగి ఊపిరి పీల్చుకోవాలి. లెక్కపెట్టమన్నది రాజు, పోయింది జనం. దేవుని కోపం మొదట ఇశ్రాయేలు మీదనే రగిలిందని సమూయేలు గ్రంథం అంటుంది కానీ కారణం చెప్పదు. ఆ ప్రశ్నకు తేలిక జవాబు ఇచ్చి సర్దిచెప్పడం ఆ చనిపోయినవాళ్లకు న్యాయం కాదు. దావీదు కూడా సర్దిచెప్పుకోలేదు. తప్పు చేసింది నేను, ఈ గొర్రెలు ఏం చేశాయి, నన్నూ నా ఇంటివారినీ కొట్టు అన్న అర్థంతో మొరపెట్టుకున్నాడు. నాయకుడి తప్పు నాయకుడి దగ్గరే ఆగదని ఆయనకు ఆ మూడు రోజుల్లో తెలిసింది.

కథ చెప్పిన వరుస మరింత గొప్పది. తెగులుతో జనాన్ని మొత్తుతున్న దేవదూత యెరూషలేము మీద చెయ్యి చాపినప్పుడు దేవుడే మనసు కరిగి, చాలు, ఆపమన్నాడు. దావీదు మొర ఆ తర్వాతి వచనంలో వస్తుంది. అడగకముందే కనికరం బయలుదేరింది.

దూత ఆగిన చోటు అరౌనా అనే యెబూసీయుడి కళ్లం. అతడు అక్కడ గోధుమలు నూరుస్తున్నాడు. బలిపీఠం కట్టడానికి రాజు స్వయంగా వస్తే, అరౌనా సాష్టాంగపడి కళ్లం తీసుకోమన్నాడు, బలికి ఎడ్లు ఇస్తానన్నాడు, కట్టెల కోసం కాడినీ నూర్పిడి కర్ర సామానునూ పట్టుకెళ్లమన్నాడు. రాజుకు కానుకగా ఇచ్చేవాడు దొరికాక డబ్బు తీసే రాజు ఎవరు? దావీదు తీశాడు. తనకేమీ ఖర్చు కాని బలిని దేవునికి అర్పించనని చెప్పి కళ్లానికీ ఎడ్లకూ 50 తులాల వెండి తూచి ఇచ్చాడు. దినవృత్తాంతాల ప్రకారం ఆ స్థలానికి 600 తులాల బంగారం. క్షమించమని వేడుకున్నవాడు ఆ వెంటనే వేరొకడి ఎడ్లతో పని కానిచ్చుకోలేదు. ఆయన విధేయతలో బరువంతా ఇక్కడ ఉంది.

ఇంగ్లండు డెర్బీషైర్‌లోని ఈమ్ అనే ఊరికి ఆ బరువు తెలుసు. 1665లో లండన్ నుంచి వచ్చిన బట్టల మూటతో ప్లేగు ఆ ఊరు చేరిందని చెబుతారు. 1666లో పాస్టర్ విలియం మాంపెసన్, అంతకుముందు ఆ చర్చిలో పనిచేసిన థామస్ స్టాన్లీ కలిసి జనాన్ని ఒప్పించారు, ఎవరూ పొలిమేర దాటవద్దని. బయటివాళ్లు ఆహారం తెచ్చి హద్దు దగ్గర పెట్టేవారు. ఊరివాళ్లు దాని ఖరీదును వెనిగర్‌లో ముంచిన నాణేలుగా వదిలేవారు. ఆరాధన చర్చిలో మానేసి ఆరుబయట జరుపుకున్నారు. దాదాపు 260 మంది పోయారు. ఆ ఆగస్టులో మాంపెసన్ భార్య కేథరిన్ కూడా చనిపోయింది. పారిపోయే వీలుండీ ఆగిపోయినవాళ్లు వాళ్లు. పక్క ఊళ్ల ప్రాణాలకు తమ ప్రాణాలతో వెల కట్టారు.

అరౌనా కళ్లంలో బలి అర్పించాక తెగులు ఆగింది. అయినా దావీదు గుండెల్లో దూత కత్తి భయం అలాగే ఉండిపోయింది. దేవుని ఆరాధన గుడారం ఉన్న గిబియోనుకు వెళ్లలేకపోయాడు. దేవుని మందిరం ఈ కళ్లంలోనే కట్టాలని నిర్ణయించి, రాళ్లు చెక్కేవాళ్లను పెట్టాడు, మేకులకు ఇనుము కూడబెట్టాడు. దేవదారు దుంగలను సీదోనీయులు, తూరీయులు విస్తారంగా తెచ్చి ఇచ్చారు. యోవాబు మనుషులు తలలు లెక్కపెడుతూ తిరిగింది కూడా ఆ సీదోను, తూరు పరిసరాల్లోనే.