విండోస్ పక్కన ఉబుంటు: మేనల్లునికి ఒక లేఖ



విండోస్ 11తో వచ్చిన లాప్‌టాప్‌లో ఉబుంటు 24.04 అనే లినక్స్ వ్యవస్థను రెండవదిగా నెలకొల్పే పని మధ్యలో ఆగిపోయినప్పుడు నింద సాధారణంగా లినక్స్ మీదనో పెన్‌డ్రైవ్ మీదనో పడుతుంది గాని, నిదానంగా పరిశీలిస్తే చాలా సందర్భాలలో లోపం ఆ రెండింటిలోనూ కనిపించదు. ఒకే ఇంట్లో రెండు కాపురాలు ఉన్నప్పుడు తగవులు గదుల్లో కాక వీధి గుమ్మం దగ్గర, కొళాయి దగ్గర వచ్చినట్లే, రెండు ఆపరేటింగ్ సిస్టమ్‌లు ఉమ్మడిగా వాడుకోవలసిన చోట్లనే ఈ చిక్కులు పుడతాయి. ఆ ఉమ్మడి వస్తువులు డిస్కు, యంత్రం వెలగగానే దేనిని ముందు లేపాలో నిర్ణయించే బూట్ క్రమం, సంతకాలను తాళాలను చూసుకొనే భద్రతా ఏర్పాటు, మదర్‌బోర్డు మీది గడియారం. తెర మీద కనిపించిన సందేశం వీటిలో దేనికి చెందినదో ముందు తేల్చుకొని ఆ తరువాతనే చేయి పెట్టడం మంచిది. అది తేలకుండా యూట్యూబ్‌లో దొరికిన ఆదేశాలన్నింటినీ వరుసగా టైపు చేసుకుంటూ పోతే, ఏది బాగుచేసిందో ఏది చెడగొట్టిందో చివరకు ఎవరికీ తెలియదు.

అన్నింటికన్నా ముందు చూడవలసింది బిట్‌లాకర్. డిస్కులోని సమాచారాన్ని గూఢలిపిలోకి మార్చి, కీ లేనివారికి అందకుండా చేసే ఈ ఏర్పాటు ఒకప్పుడు కార్యాలయాల లాప్‌టాప్‌లలోనే ఎక్కువగా ఉండేది; 2024లో వచ్చిన విండోస్ 11 24హెచ్2 నుంచి, కొత్తగా ఇన్‌స్టాల్ చేసి మైక్రోసాఫ్ట్ ఖాతాతో ప్రవేశించిన హోమ్ యంత్రాలలో కూడా డివైస్ ఎన్‌క్రిప్షన్ పేరిట చాలాచోట్ల తనంతట తానే అమలులోకి వస్తున్నది. దాని కీ టీపీఎం అనే చిప్ అధీనంలో ఉంటుంది. ఆ చిప్ బూట్ అయ్యే తీరును కొలిచి చూసి, అది మునుపటిలాగే ఉంటేనే కీని విడుదల చేస్తుంది. అందువల్ల ఉబుంటు కోసం బయోస్‌లో, అంటే వాడుకలో ఆ పేరుతో పిలిచే ఫర్మ్‌వేర్ అమరికల తెరలో, ఏదో ఒక అమరికను మార్చిన తరువాత విండోస్ నీలి తెర చూపి 48 అంకెల రికవరీ కీని అడగవచ్చు. ఆ అంకెలు సాధారణంగా మైక్రోసాఫ్ట్ ఖాతా పేజీలో దొరుకుతాయి. అయితే లాప్‌టాప్ కొన్ననాడు దుకాణదారే ఏదో ఒక ఈమెయిల్‌తో ఖాతా తెరిచి ఇచ్చి ఉంటే, ఆ ఖాతా ఎవరిదో, దాని పాస్‌వర్డ్ ఏమిటో ఇప్పుడే కనుక్కోవాలి, నీలి తెర వచ్చాక కాదు. కీని కాగితం మీద రాసుకొని, ముఖ్యమైన ఫైళ్లను బయటి హార్డ్‌డిస్కుకు ఎక్కించి, ఆ పైన బిట్‌లాకర్‌ను ఆపివేయడం క్షేమం. ఉబుంటు 24.04 ఇన్‌స్టాలర్ బిట్‌లాకర్ ఉన్న పార్టిషన్‌ను కుదించలేదు గనుక ఈ పని ఎలాగూ తప్పదు.

పార్టిషన్ అంటే ఒకే డిస్కును హద్దులు గీసి విడదీసిన భాగం. ఉబుంటుకు కావలసిన చోటును విండోస్‌లోని డిస్క్ మేనేజ్‌మెంట్ ద్వారానే, సీ డ్రైవ్‌ను కుదించి సంపాదించుకోవడం మేలు. కనీసం 25 జీబీ అంటారు గాని, కోడింగ్ పనులకు 60 నుంచి 80 జీబీ ఉంటేనే ఊపిరాడుతుంది. డ్రైవ్ సగానికి పైగా ఖాళీగా ఉన్నా కొద్దిపాటి చోటు మాత్రమే కుదించగలనని విండోస్ చెప్పడం కద్దు. పేజింగ్ ఫైలు, హైబర్నేషన్ ఫైలు వంటి కదలని ఫైళ్లు మధ్యలో బైఠాయించి ఉండడమే దానికి కారణం. వాటిని తాత్కాలికంగా తీసివేసి యంత్రాన్ని రీస్టార్ట్ చేసి మళ్లీ ప్రయత్నిస్తే తరచు దారి దొరుకుతుంది. పేజింగ్ ఫైలును తరువాత మళ్లీ పెట్టుకోవచ్చు. హైబర్నేషన్‌ను ఆపితే ఇంకొక ప్రయోజనం కూడా ఉన్నది. విండోస్ 8 నుంచి వస్తున్న ఫాస్ట్ స్టార్టప్ అనే సదుపాయం, షట్‌డౌన్ నొక్కినప్పుడు వ్యవస్థను పూర్తిగా మూయకుండా కెర్నల్ స్థితిని డిస్కు మీద రాసి పెట్టుకొని నిద్రపోతుంది. ఆ స్థితిలో ఉన్న విండోస్ పార్టిషన్‌ను తెరవడానికి లినక్స్ నిరాకరిస్తుంది, లేదా చదవడానికే తప్ప రాయడానికి అనుమతించదు. హైబర్నేషన్ పోతే ఫాస్ట్ స్టార్టప్ కూడా పోతుంది.

పెన్‌డ్రైవ్ తయారీ గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. దించుకున్న ఉబుంటు ఫైలు చెక్కుచెదరలేదని తేల్చే ఎస్‌హెచ్‌ఏ-256 సంఖ్యను ఉబుంటు ప్రకటించిన సంఖ్యతో పోల్చి చూసుకొని రూఫస్ అనే ప్రోగ్రాముతో రాస్తే చాలు. అయితే ఆ పెన్‌డ్రైవ్ ఏ పద్ధతిలో బూట్ అయిందన్నది మాత్రం గమనించాలి. 1981 నాటి ఐబీఎం పీసీతో వచ్చిన బయోస్ అనే పాత ఫర్మ్‌వేర్ పద్ధతికి, దాని స్థానంలో వచ్చిన యూఈఎఫ్‌ఐ పద్ధతికి బూట్ విషయంలో పొత్తు కుదరదు. విండోస్ యూఈఎఫ్‌ఐలోనూ ఉబుంటు పాత లెగసీ పద్ధతిలోనూ నెలకొంటే రెండూ విడివిడిగా బాగానే ఉంటాయి, కాని ఒకదాని మెనూ నుంచి రెండవదాన్ని పిలవడం కుదరదు. విండోస్‌లో సిస్టమ్ ఇన్ఫర్మేషన్ తెరిస్తే బయోస్ మోడ్ అనే వరుసలో ఏది ఉన్నదో తెలుస్తుంది. ఉబుంటు లైవ్ సెషన్‌లో, అంటే ఇన్‌స్టాల్ చేయకుండా పెన్‌డ్రైవ్ నుంచే నడిపి చూసే స్థితిలో, సిస్ ఫోల్డరులోని ఫర్మ్‌వేర్ ఫోల్డరులో ఈఎఫ్‌ఐ అనే ఫోల్డరు ఉంటే యూఈఎఫ్‌ఐ పద్ధతిలో బూట్ అయినట్లే.

చిరంజీవి మేనల్లుడు ఉత్తరంలో రాసిన మొదటి ఫిర్యాదు, ఇన్‌స్టాలర్‌లో 512 జీబీ ఎస్‌ఎస్‌డీ అసలు కనిపించకపోవడం, ఇంటెల్ లాప్‌టాప్‌లలో తరచుగా ఎదురయ్యేదే. డిస్కు పాడైతే విండోస్ కూడా తెరుచుకోదు గనుక ఆ భయం అక్కరలేదు. చాలా లాప్‌టాప్‌లలో ఎస్‌ఎస్‌డీని నేరుగా ఆపరేటింగ్ సిస్టమ్‌కు అప్పగించకుండా, రాపిడ్ స్టోరేజ్ టెక్నాలజీ లేదా వీఎండీ అనే ఇంటెల్ మధ్యవర్తి చేతిలో పెడతారు. 11వ తరం ప్రాసెసర్ల నుంచి ఈ రెండవది బాగా వ్యాపించింది. ఆ మధ్యవర్తితో మాట్లాడలేని ఇన్‌స్టాలర్‌కు డిస్కు ఉన్నట్లే తెలియదు. పరిష్కారం బయోస్‌లోకి వెళ్లి వీఎండీని ఆపడం, లేదా స్టోరేజ్ పద్ధతిని ఏహెచ్‌సీఐ అనే మామూలు పద్ధతికి మార్చడం. కొన్ని ఏసర్ లాప్‌టాప్‌లలో ఈ వరుస మెయిన్ పేజీలో కంట్రోల్, ఎస్ మీటలు కలిపి నొక్కితేనే బయటపడుతుంది.

అయితే ఈ మార్పును తొందరపడి చేస్తే రెండవ ఆపద ఎదురవుతుంది. అప్పటిదాకా మధ్యవర్తి డ్రైవరుతో బూట్ అవుతూ వచ్చిన విండోస్, తనకు కావలసిన కొత్త డ్రైవరును మొదటి క్షణంలోనే లేపుకోలేక, బూట్ డిస్కు అందుబాటులో లేదంటూ లోపపు తెర చూపి మళ్లీ మళ్లీ రీస్టార్ట్ అవుతుంది. దీనికి చాలామంది చేసే పని విండోస్‌ను తుడిచేసి మళ్లీ ఎక్కించడం, అది పూర్తిగా అనవసరం. బయోస్‌ను ముట్టుకోవడానికి ముందే, విండోస్‌లోని సిస్టమ్ కాన్ఫిగరేషన్‌లో బూట్ పేజీకి వెళ్లి సేఫ్ బూట్ ఎంచుకొని రీస్టార్ట్ చేయాలి. యంత్రం మళ్లీ లేచేటప్పుడు నేరుగా బయోస్‌లోకి వెళ్లి అమరిక మార్చాలి. సేఫ్ మోడ్‌లో విండోస్ ప్రాథమిక డ్రైవర్లన్నింటినీ పరీక్షించి సరైనదాన్ని పట్టుకుంటుంది; ఆ తరువాత సేఫ్ బూట్ గుర్తు తీసేస్తే మామూలుగా నడుస్తుంది. ఇప్పటికే మార్చి ఆ లోపపు తెరలో ఇరుక్కున్నవారు పాత అమరికకు తిరిగి వెళితే విండోస్ మళ్లీ లేస్తుంది గనుక, అక్కడి నుంచి ఇదే వరుసను మొదలుపెట్టవచ్చు.

డిస్కు కనిపించిన తరువాత హద్దులు గీసేటప్పుడు ఒక్క జాగ్రత్త చాలు. ఈఎఫ్‌ఐ సిస్టమ్ పార్టిషన్ అని 100 ఎంబీ లేదా 260 ఎంబీ పరిమాణంలో ఎఫ్‌ఏటీ32 పద్ధతిలో చిన్న భాగం కనిపిస్తుంది. రెండు వ్యవస్థల బూట్‌లోడర్లు, అంటే ఆపరేటింగ్ సిస్టమ్‌ను లేపే చిన్న ప్రోగ్రాములు, అందులోనే పక్కపక్కన ఉంటాయి. దానిని ఉబుంటు వాడుకోవచ్చు, ఫార్మాట్ మాత్రం చేయకూడదు; చేస్తే విండోస్ బూట్‌లోడర్ తుడిచిపెట్టుకుపోతుంది.

చిరంజీవి రెండవ ఫిర్యాదు, ఇన్‌స్టాలేషన్ విజయవంతంగా ముగిసినట్లు చెప్పిన తరువాత కూడా లాప్‌టాప్ నేరుగా విండోస్‌లోకే వెళ్లడం. ఉబుంటు ఎక్కలేదని దీని అర్థం కాదు. యూఈఎఫ్‌ఐ ఫర్మ్‌వేర్ తన స్థిరస్మృతిలో బూట్ పేర్ల జాబితా ఒకటి పెట్టుకుంటుంది. అందులో విండోస్ బూట్ మేనేజర్ పైన, ఉబుంటు కింద ఉంటే పైదే లేస్తుంది. కొన్ని కంపెనీల ఫర్మ్‌వేర్‌లు విండోస్ పేరును మొండిగా పైకి తెచ్చుకుంటాయి, విండోస్ పెద్ద అప్‌డేట్లు కూడా అప్పుడప్పుడు క్రమాన్ని మారుస్తాయి. లాప్‌టాప్ వెలుగుతుండగా ఎఫ్12, ఎఫ్9 లేదా ఆ కంపెనీ నిర్ణయించిన మీటను నొక్కి బూట్ మెనూ తెస్తే ఉబుంటు పేరు కనిపించాలి. కనిపించి, ఎంచుకుంటే లేచినట్లయితే సమస్య క్రమానిదే. బయోస్‌లో వరుస మార్చవచ్చు, లేదా ఉబుంటు టెర్మినల్‌లో ఈఎఫ్‌ఐబూట్‌ఎంజీఆర్ అనే ఆదేశంతో జాబితా చూసి సరిచేయవచ్చు. పేరే కనిపించకపోతే లైవ్ సెషన్‌లోకి వెళ్లి ఉబుంటు బూట్‌లోడరైన గ్రబ్‌ను తిరిగి నెలకొల్పాలి. బూట్-రిపేర్ అనే ఉచిత పరికరం ఆ పని చేసిపెడుతుంది. ఇందుకోసం ఉబుంటును మొదటి నుంచి మళ్లీ ఎక్కించడం దండగ.

దీనికి వ్యతిరేకమైన సమస్య, ఉబుంటు లేచి విండోస్ పేరు మెనూలో లేకపోవడం, 2021లో వచ్చిన గ్రబ్ 2.06 తరువాత ఎక్కువైంది. ఇతర వ్యవస్థలను వెతికిపెట్టే ఓఎస్-ప్రోబర్ అనే భాగాన్ని భద్రతా కారణాల వల్ల అప్పటి నుంచి మొదటి అమరికలోనే ఆపి ఉంచుతున్నారు. గ్రబ్ అమరికల ఫైలులో ఆ నిషేధాన్ని తొలగించే వరుస చేర్చి, అప్‌డేట్-గ్రబ్ ఆదేశం ఇస్తే విండోస్ పేరు మెనూలోకి వస్తుంది.

సెక్యూర్ బూట్‌ను ఆపేయమన్న సలహా ఇంటర్నెట్‌లో అడుగడుగునా దొరుకుతుంది. నమ్మదగిన సంతకం ఉన్న బూట్‌లోడర్‌నే లేవనిచ్చే ఈ ఏర్పాటును 2012లో విండోస్ 8 ధ్రువీకరణతో లాప్‌టాప్ తయారీదారులు విస్తృతంగా చేర్చారు. ఉబుంటు అదే ఏడాది నుంచి మైక్రోసాఫ్ట్ సంతకంతో కూడిన షిమ్ అనే చిన్న ప్రోగ్రాము ద్వారా దానితో కలిసి నడుస్తున్నది. కాబట్టి ఉబుంటుకు దానిని ఆపవలసిన అవసరం సాధారణంగా లేదు, మొదటి మందుగా దానిని వాడడం మంచిది కాదు. అవసరం పడే సందర్భాలూ ఉన్నాయి: 2024 ఆగస్టులో వచ్చిన విండోస్ అప్‌డేట్ పాత బూట్‌లోడర్లను రద్దు చేసే జాబితాను ఫర్మ్‌వేర్‌లోకి ఎక్కించినప్పుడు, రెండు వ్యవస్థలున్న అనేక యంత్రాలలో షిమ్ ఎస్‌బీఏటీ తనిఖీ విఫలమైందన్న సందేశంతో లినక్స్ లేవకుండా పోయింది. అప్పుడు సెక్యూర్ బూట్‌ను కాసేపు ఆపి, ఉబుంటులోకి వెళ్లి ఆ జాబితాను తొలగించి, తిరిగి పెట్టడమే చాలామందికి దారి చూపింది. బిట్‌లాకర్‌ను మళ్లీ పెట్టుకొన్నవారికి 48 అంకెల కీ రాసుకొన్న కాగితం విలువ ఇటువంటి చోట తెలుస్తుంది.

ఎన్విడియా గ్రాఫిక్స్ ఉన్న లాప్‌టాప్‌లో గ్రబ్ మెనూ తరువాత తెర నల్లబడిపోతే, బూట్ వరుస చివర నోమోడ్‌సెట్ అన్న మాట చేర్చి ఒకసారి లేపి, ఎన్విడియా డ్రైవరు ఎక్కించుకోవాలి. సెక్యూర్ బూట్ ఉంటే అప్పుడు ఒక పాస్‌వర్డ్ పెట్టమని అడిగి, రీస్టార్ట్‌లో మరొక నీలి తెర రావచ్చు. అది డ్రైవరు సంతకాన్ని ఫర్మ్‌వేర్‌కు పరిచయం చేసే తెర, దానిని విండోస్ నీలి తెరగా భ్రమపడి దాటవేస్తే డ్రైవరు పని చేయదు.

గడియారం చిక్కు చిన్నదే గాని భారతదేశంలో దాని ముద్ర ప్రత్యేకం. మదర్‌బోర్డు గడియారంలో ఉన్నది స్థానిక సమయమని విండోస్, ప్రపంచ ప్రామాణిక సమయమని ఉబుంటు భావిస్తాయి గనుక, ఉబుంటు వాడి విండోస్‌కు మారినప్పుడు ఉదయం 10 గంటలు 4.30గా కనిపిస్తుంది. సరిగ్గా ఐదున్నర గంటల తేడా ఉంటే కారణం ఇదేనని వెంటనే గుర్తించవచ్చు. ఉబుంటునే స్థానిక సమయం చదవమని ఒక ఆదేశంతో ఒప్పించవచ్చు. దాన్ని వాడవద్దని లినక్స్ స్వయంగా హెచ్చరిస్తుంది గాని, ఆ హెచ్చరికకు ముఖ్య కారణాలలో ఒకటి వేసవి సమయపు మార్పు, అది భారతదేశంలో లేదు. డల్లాస్‌లో చదువుతున్న చిరంజీవి అక్క లాప్‌టాప్‌లో మాత్రం ఏటా రెండుసార్లు గంట అటూ ఇటూ జరుగుతుంది గనుక, అక్కడ విండోస్‌నే ప్రామాణిక సమయం చదవమని రిజిస్ట్రీలో మార్చడం సరైనది.

ఇంత శ్రమ ఎందుకని తల్లిదండ్రులు అడిగినా ఆశ్చర్యం లేదు. కళాశాలలో సీ ప్రోగ్రాములు, పైథాన్ వంటివే అవసరమైతే విండోస్‌లోనే డబ్ల్యూఎస్‌ఎల్ అనే సదుపాయం ద్వారా ఉబుంటును నడుపుకోవచ్చు. డిస్కు హద్దులు గాని బూట్ క్రమం గాని ముట్టుకోనక్కరలేదు. గ్రాఫిక్స్ కార్డును, డ్రైవర్లను, కెర్నల్‌ను దగ్గర నుంచి చూడదలచినవారికి మాత్రం విడిగా నెలకొల్పడమే తగినది, చిరంజీవి ఉద్దేశం అదేనని ఉత్తరంలో స్పష్టంగా ఉన్నది.

మళ్లీ ఎక్కడైనా ఆగితే, ఏ అమరికనూ మార్చకుండా, తెర మీది సందేశాన్ని ఫోన్‌తో తీసిన ఫోటో, బయోస్‌లో స్టోరేజ్, సెక్యూర్ బూట్ వరుసలు కనిపించే ఫోటోలు, లైవ్ సెషన్‌లో ఈఎఫ్‌ఐబూట్‌ఎంజీఆర్ ఇచ్చిన జాబితా పంపితే చాలు. ఆదివారం నాడు ఫోన్‌లో మాట్లాడుకుంటూ మిగిలినది చూడవచ్చు.

ఇట్లు,
మేనమామ